ఏడో షట్టరు దగ్గర పథ్యం

143వ రోజు

ఏం తిన్నాను, ఎప్పుడు తిన్నాను, తిన్నాక ఒళ్ళు ఎలా ఉంది. ఈ మూడూ రోజూ రాయమంది డాక్టర్ మెహరున్నీసా. గోధుమ మానేసిన రోజు నుంచి లెక్క.

పొద్దున గంజి, ఉడకబెట్టిన గుడ్డు. ఏమీ కాలేదు. మధ్యాహ్నం అన్నంలో కందిపప్పు. కందిపప్పు మొదలుపెట్టి ఇది రెండో రోజు. కొత్తగా ఏది మొదలుపెట్టినా మూడు రోజులు తిని చూడాలి, ఆ మూడు రోజులూ ఇంకో కొత్తది ముట్టకూడదు. మూడో రోజు దాకా రానే లేదు. నాలుగింటికి షట్టరు గాడిలో పట్టిన గుల్లలు గీకుతుండగా కడుపు బిగుసుకుపోయింది. నిచ్చెనెక్కి మరుగుదొడ్డికి పరిగెత్తడం, మళ్ళీ దిగడం, అలా నాలుగుసార్లు. సాయంత్రానికి నాలుక పక్కన పాత చోటే పుండు లేచింది. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి.

కందిపప్పు కొట్టేశాను. పాలు, పెసరపప్పు, చారు, మజ్జిగ పులుసు ఇదివరకే కొట్టేశాను.

లోపల పేగులన్నీ పుండై ఉన్నాయి, అవి మానేదాకా మంచి తిండి కూడా పడకపోవచ్చని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. మానుతున్నకొద్దీ ఒక్కొక్కటే తిరిగి వస్తాయట. నాకు ఒక్కొక్కటే పోతున్నాయి.

146వ రోజు

గంజి, గుడ్డు, గంజి. ఏమీ కాలేదు. ఏమీ కాని రోజున రాయడానికి చాలా ఖాళీ మిగులుతుంది కాబట్టి మిగతాది కూడా రాస్తాను.

సముద్రపు కరకట్ట మీద పద్నాలుగు షట్టర్లున్నాయి. మాది ఏడోది. పోటు వచ్చేలోగా షట్టరు దించాలి, ఆటు మొదలవగానే ఎత్తాలి. దించడం ఆలస్యమైతే సముద్రం మురుగు కాలువలోకి ఎక్కి మళ్ళు ఉప్పుతో చస్తాయి. ఎత్తడం ఆలస్యమైతే కాలువ నీళ్ళు పోయే దారిలేక మళ్ళు మునుగుతాయి. కట్ట లోపల ఎనిమిది వందల ఎకరాల వరి ఉంది. ఈ తీరంలో మిగిలిన వరి అదే. ఆ బియ్యం బస్తాలకు నీలం గీత కొట్టి పథ్యం కోటా కింద రోగులకు పంపుతారు. మిగతా జనమంతా ఉప్పు నేలలో పండే ఉప్పు గోధుమే తింటారు. నేనూ పదకొండేళ్ళు తిన్నాను. అది నా పేగుల్ని తినేస్తోందని తెలిసేసరికి ముప్పై ఆరు కిలోలున్నాను. నా వెన్నెముక ఫోటో చూసి ఎవరో డెబ్బై ఏళ్ళ ముసలావిడ అనుకున్నారట. నాకు అప్పటికి ముప్పై మూడు.

స్టేషన్లో ముగ్గురం. జక్రయ్య సార్ సూపర్వైజరు. నేనూ ఏడుకొండలు బాబాయీ లస్కర్లం, షట్టరు తిప్పి శుభ్రం చేసేవాళ్ళం. బాబాయ్ వచ్చి యాభై రోజులైంది. అంతకుముందు నా గంజి నేనే కాచుకునేదాన్ని. ఆయన వచ్చిన రోజే పొయ్యి నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ముందు నీ వంట తల్లీ, తరవాతే మా రొట్టెలు. పిండి ముట్టుకున్న సేత్తో నీ గిన్నె ముట్టుకుంటే నన్ను అడుగు" అన్నాడు.

నా మూకుడు, నా గరిటె, నా జల్లెడ వేరే మేకులకు తగిలించాడు. రొట్టెల పిండి పిసికిన లుంగీ మార్చుకోకుండా నా పొయ్యి వైపు అడుగు వెయ్యడు. మా అమ్మ కూడా నన్ను ఇంత జాగ్రత్తగా చూసుకోలేదు.

151వ రోజు

నెలకోసారి వేలు పొడుచుకుని రక్తపు చుక్క పరీక్ష పెట్టెలో వేస్తాను. పెట్టె ఒక అంకె చూపిస్తుంది. ఒంట్లో గోధుమ మీద ఎంత యుద్ధం నడుస్తోందో ఆ అంకె చెబుతుంది. మొదటి రోజు 212. అరవయ్యో రోజు 150. తొంభయ్యో రోజు 96. ఆ 96 చూసే నాకు ఫిట్‌నెస్ కాగితం ఇచ్చారు. నూట ఇరవయ్యో రోజు 118.

ఇవాళ 149.

డాక్టరమ్మకు ఫోన్ కలిపి అంకె చదివాను.

"పప్పు అరక్కపోతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. అంతే నాంచారమ్మా. ఈ అంకె మాత్రం పెరగదు. ఇది గోధుమ లోపలికి పోతేనే పెరుగుతుంది."

"నేను ముట్టుకోవడం లేదమ్మా."

"తప్పుగా అనుకోకండి. ఎక్కడైనా కక్కుర్తి పడ్డారా? ఒక బిస్కెట్టు ముక్కయినా?"

"పిల్లలుంటే వాళ్ళ మీద ఒట్టేసి చెప్పేదాన్ని. రెండూ నాలుగో నెల్లో కడుపులోనే పోయాయి కదా. అదీ ఈ జబ్బు వల్లేనని మీరే చెప్పారు."

ఆవిడ వంటింట్లో మళ్ళీ ఒక్కో వస్తువూ చూసుకోమంది. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే నెల అంకె దిగకపోతే మీ కాగితం వెనక్కి తీసుకోవాలి. అది నా చేతుల్లో లేని పని" అంది.

కాగితం పోతే ఒడ్డుకు పంపేస్తారు. షట్టరు తిప్పే చేతి చక్రానికి మూడు పిడులుంటాయి. ముగ్గురూ గట్టిగా లేకపోతే స్టేషను నడవకూడదని రూలు. ఒడ్డున క్యాంపులో ఒకటే భోజనశాల, గాలి నిండా పిండి. విడిగా పొయ్యి పెట్టుకోనివ్వరు. నేను అక్కడ ఏం తిని బతకాలి?

ఫోను పెట్టి తిరిగేసరికి జక్రయ్య సార్ గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"బాగానే ఉన్నావుగా?" అన్నాడు.

"బాగానే ఉన్నాను సార్."

ఈ పుస్తకంలో నేను అబద్ధం రాయను. కానీ ఇవాళ ఒకటి చెప్పాను.

156వ రోజు

ఐదు రోజులుగా గంజి, ఉప్పు, గుడ్డు, కాల్చిన చిలగడదుంప. ఒక్కరోజు కూడా కడుపు నొప్పి లేదు. నిచ్చెన మీద ఆయాసం తగ్గింది. నాలుక మీది పుండు మానుతోంది. బాబాయ్ గాలం వేసి రెండు కొయ్యింగ చేపలు పట్టి పులుసు పెట్టాడు. భయపడుతూనే తిన్నాను. ఏమీ కాలేదు. రాత్రి కూడా ఏమీ కాలేదు.

వంటిల్లంతా గాలించాను. ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె, చింతపండు, అన్నీ వేరు. గోడల మీద పిండి దుమ్ము ఉందేమోనని తడిగుడ్డతో తుడిచాను. జక్రయ్య సార్ రొట్టె తింటూ నా వైపే చూస్తున్నాడు.

"గోడల్ని కూడా అనుమానిస్తావా?" అన్నాడు.

160వ రోజు

మోటారు కాలిపోయింది. పొద్దున షట్టరు సగం దిగి ఆగింది, వైరు కాలిన కమురు వాసన. విడి భాగం సరుకుల పడవలో రావాలి. పడవ ఇంకో ఎనిమిది రోజులకు. అప్పటిదాకా చేతి చక్రమే.

పూర్తిగా ఎత్తిన షట్టరును దించాలంటే మూడు వందల అరవై చుట్లు. రోజూ అంత తిప్పలేమని పోటుకు పూర్తిగా దించి, ఆటుకు కొంచెమే ఎత్తుతున్నాం. పూటకు ఎనభై చుట్లు. మొదటి పూట బాగానే తిప్పాను. నా చేతులు నాకే ముచ్చటేశాయి.

బాబాయ్ సంతోషపడి, "కండ పట్టాలంటే గంజి సాలదు తల్లీ, రేపు సొరకాయ సెనగపప్పు సేస్తా, కందిపప్పు కాదుగా" అన్నాడు.

161వ రోజు

మధ్యాహ్నం సొరకాయ శనగపప్పు కూర. మూడున్నరకు మొదలైంది. ఐదింటి ఆటుకు చక్రం పట్టాను. ముప్పయ్యో చుట్టు దగ్గర నా పిడి చేతిలోంచి జారింది. చక్రం వెనక్కి గిర్రున తిరగబోయింది. బాబాయ్ భుజం అడ్డం పెట్టి ఆపాడు. ఆయన భుజం మీద అరచెయ్యంత వాపు.

"సెమట పట్టి జారిందిలే సార్" అని బాబాయే చెప్పాడు, నా కంటే ముందు.

శనగపప్పు కొట్టేశాను. ఇక పప్పు అన్న మాటే లేదు.

163వ రోజు

గంజి. అదీ సగమే దిగింది.

గుల్లలు గీకి పైకి వచ్చేసరికి నా ట్రంకు పెట్టె తెరిచి ఉంది. బట్టలు మంచం మీద ఉన్నాయి. జక్రయ్య సార్ నేల మీద కూర్చుని ఒక్కో చీర మడత విప్పి చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నారు సార్?"

"నీకు తెలుసు నేనేం వెతుకుతున్నానో. రొట్టెలో, బిస్కెట్లో. ఒక పూట బాగుంటావు, ఒక పూట శవంలా ఉంటావు. రోగం అలా ఉండదు. దొంగ తిండి అలా ఉంటుంది."

అరుపు వంటింట్లోంచి వచ్చింది. బాబాయ్ గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఆడకూతురు పెట్టెలో సెయ్యి పెట్టడానికి నీకు సిగ్గనిపించలా? ఆ పిల్ల ఏం తింటందో నాకు తెల్దా? పొద్దున్నించీ సాయంత్రం దాకా నేను వండి నేను పెడుతున్నా!"

"అదే కదా నేనూ అనుకుంటున్నాను. ఆమె ఫోనులో చదివింది విన్నాను, నువ్వు వచ్చాకే అంకె పెరిగింది" అన్నాడు సార్.

బాబాయ్ చెయ్యి కిందికి దిగిపోయింది. సార్ పెట్టె మూసి, బట్టలు మంచం మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. నేను ఒక్కొక్కటీ మడత పెట్టుకున్నాను. ఆ మాట నిజమేనని నాకు అప్పటికే తెలుసు. లెక్కేసుకున్నాను. బాబాయ్ ముందు దాన్ని పైకి అనే ధైర్యం లేక మానేశాను.

167వ రోజు

తుపాను. ఎల్లుండి మధ్యాహ్నానికి తీరం దాటుతుందట. ఎల్లుండే అమావాస్య పోటు కూడా. పడవ రాదని కబురు వచ్చింది. మోటారు భాగం లేదు, కొత్త మనిషి లేడు.

ఆఫీసు ఆర్డరు: రేపు షట్టరు పూర్తిగా ఎత్తి వాన నీళ్ళు పోనివ్వాలి. ఎల్లుండి పన్నెండింటికి దించడం మొదలుపెట్టాలి. ఒంటిగంట దాటితే సముద్రం కాలువ మట్టానికి పైన ఉంటుంది. ముగ్గురు ఆగకుండా తిప్పితే నలభై నిమిషాల పని.

"ముగ్గురూ రెడీనేనా?" అని సార్ అడిగాడు. అడిగింది ఇద్దర్నీ, చూసింది నన్ను.

"రెడీనే సార్" అన్నాను. నాలుగు రోజులుగా గంజి తప్ప ముట్టలేదు. నొప్పి లేదు. ఎల్లుండికి సరిపోతానని నిజంగానే అనుకున్నాను.

168వ రోజు

ఎత్తడం దించడం కన్నా బరువు, రెండు గంటలు పట్టింది. చివర్లో ముగ్గురం చక్రం మీదే తల వాల్చాం. వాన అడ్డంగా కొడుతోంది. లోపలి నీళ్ళు ఎర్రగా, నురగలతో సముద్రంలోకి పోతున్నాయి.

మధ్యాహ్నం బాబాయ్ నా ముందు పళ్ళెం పెట్టాడు. పులిహోర.

"ఇందులో పప్పు బద్ద లేదు. ఏరి పారేశా. సింతపండు నువ్వు తింటన్నావు, ఏరుశనగ గుళ్ళు తింటన్నావు. రేపు మూడొందల అరవై సుట్లు తిప్పాలి. గంజి నీళ్ళతో ఎట్టా తిప్పుతావు?"

ఐదు నెలల్లో నేను తిన్న అతి రుచైన తిండి. రెండుసార్లు పెట్టించుకున్నాను.

169వ రోజు

ఇది మర్నాడు కూర్చుని రాస్తున్నాను.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది, కడుపులో కత్తి తిప్పినట్టు నొప్పి. ఆరింటికల్లా ఐదుసార్లు వెళ్ళొచ్చాను. గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయాను. బయట గాలి రేకుల్ని పీకుతోంది. పన్నెండింటికి చక్రం దగ్గర ఉండాలి.

మంచం మీద ముడుచుకుని పులిహోరలో ఏముందో ఒక్కొక్కటే అనుకున్నాను. అన్నం రోజూ తినేదే. చింతపండు చేపల పులుసులో తిన్నాను. వేరుశనగలు తిన్నాను. పసుపు, మిరపకాయలు, నూనె, కరివేపాకు, అన్నీ ఆ పులుసులో ఉన్నవే. కొత్తది ఒక్కటీ లేదు. మరి ఎందుకు పడలేదు?

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. మొదట్లోనే మానేసిన పాలు పక్కన పెడితే, పప్పులు, చారు, మజ్జిగ పులుసు, సొరకాయ కూర, పులిహోర. ఇవి పడలేదు. గంజి, గుడ్డు, దుంప, చేపల పులుసు పడ్డాయి.

గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. బాబాయ్ స్టవ్ మీద నీళ్ళు పెడుతున్నాడు.

"బాబాయ్, చేపల పులుసుకి పోపు పెట్టావా?"

"పెట్టా. ఏంటా మొహం? మళ్ళీ వచ్చిందా?"

"పప్పుకు పెట్టే పోపేనా అది?"

"అదే. ఇంగువ తప్ప. నీసు కూరలో ఇంగువ ఎవడన్నా ఏస్తాడా?"

ఇంగువ డబ్బా ఎక్కడని అడిగాను. అది నా సామాను మధ్యే, నా మేకుల కింది అరలోనే ఉంది. ఆయన రేపల్లె సాంబారు హోటల్లో పన్నెండేళ్ళు వంట చేశాడు. ఇంగువ లేకుండా పోపు పెట్టడం ఆయనకు చేతకాదు. తన డబ్బా తనే తెచ్చుకున్నాడు. అదొక పోపు దినుసే, తిండి అని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. డాక్టరమ్మ ఇచ్చిన తిండి ఫారంలో దానికి గడే లేదు.

డబ్బా మీద కాగితం జిడ్డు పట్టి నల్లబడింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి కిటికీ దగ్గర పట్టుకున్నాను. అడుగున చీమ తలకాయంత అక్షరాలు. గోధుమ పిండి, తుమ్మ జిగురు, ఇంగువ. గోధుమ పిండి పేరే ముందుంది.

పైకి చదివాను. బాబాయ్ పీట మీద కూలబడ్డాడు.

"డెబ్బై రోజులు" అన్నాడు. "డెబ్బై రోజులు నా సేత్తోనే పెట్టానా?"

ఆయన్ని ఓదార్చాలని ఉంది. గడియారం ఏడు చూపిస్తోంది. నాకు ఆ క్షణంలో రెండు దార్లు కనిపించాయి. పన్నెండు దాకా నోరు మూసుకుని పడుకుని, పిడి పట్టుకుని, ఎంతదాకా పోతే అంతదాకా పోవడం ఒకటి. రెండోది జక్రయ్య సార్ గది. మొదటిదే చేద్దామనుకున్నాను. చాలాసేపు అదే అనుకున్నాను. బాబాయ్ భుజం మీద ఇంకా పచ్చగా ఉన్న కమిలిన మచ్చ చూశాక లేచాను.

సార్ రేడియో దగ్గర ఉన్నాడు. గరగర తప్ప ఏమీ వినిపించడం లేదు.

"సార్, నేను మూడో పిడి తిప్పలేను."

తల తిప్పి చూశాడు. డబ్బా ఆయన ముందు పెట్టాను. నెల రోజులుగా దాచినవన్నీ, నొప్పులు, ఆ రోజు చెయ్యి జారడం, వరసగా చెప్పాను. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబోయింది.

"ఇప్పుడా చెప్పేది? సముద్రం గుమ్మంలో ఉన్నప్పుడా?"

"పన్నెండింటికి చక్రం దగ్గర పడిపోయి చెప్పేకన్నా నయం కదా సార్. ఇంకా ఐదు గంటలుంది."

ఆయన డబ్బా తీసుకుని ఆ అక్షరాలు చదివాడు. మళ్ళీ చదివాడు. లేచి కిటికీలోంచి కాలువ వైపు చూశాడు.

"ఇద్దరం తిప్పితే ఎంతసేపు?" అని అడిగాడు. నన్ను కాదు, వెనకే వచ్చిన బాబాయ్‌ని.

"మజ్జలో ఆగుతా ఆగుతా అంటే నాలుగ్గంటలు. ఇప్పుడే మొదలెట్టాల."

"ఇప్పుడు దించితే లోపల పడే వానంతా మళ్ళల్లోనే నిలుస్తుంది. ఆఫీసు ఆర్డరు పన్నెండుకి."

"నేను ఎవసాయం సేసినోణ్ణి సార్. మంచినీళ్ళలో మునిగితే వరి మూడ్రోజులు తట్టుకుంటది. ఉప్పునీళ్ళు ఒక్క పూట నిలిస్తే ఇంకేం మిగలదు."

సార్ రేడియోలో ఇంకోసారి పిలిచాడు. జవాబు లేదు. వానకోటు తగిలించుకున్నాడు.

ఎనిమిదింటికి మొదలుపెట్టాం. వాళ్ళిద్దరూ ఎదురెదురు పిడులు పట్టారు. నన్ను చక్రం పక్కన కొక్కెం దగ్గర కూర్చోబెట్టారు. ప్రతి పది చుట్లకు నేను కొక్కెం పళ్ళలో పడేస్తే చక్రం అక్కడే నిలుస్తుంది. వాళ్ళు ఊపిరి తీసుకోవచ్చు. ముగ్గురు తిప్పే రోజుల్లో ఎవరూ వాడని కొక్కెం అది, తుప్పు పట్టి ఉంది. రెండు చేతులతో ఎత్తి, రెండు చేతులతో దించాను. లెక్క అరిచాను. గాలికి నా అరుపు వాళ్ళకు వినపడక, వేళ్ళు చూపించాను.

నూట పది దగ్గర వాంతి చేసుకున్నాను. నూట ఎనభై దగ్గర సార్ అరచేతులు చిట్లి రక్తం వచ్చింది. బాబాయ్ లుంగీ చింపి కట్టుకోవడానికిచ్చాడు. రెండు వందల ముప్పై దగ్గర నేను లేవలేకపోతే సార్ వచ్చి, నన్ను లాగి, చక్రం దిమ్మకు వీపు ఆనించి కూర్చోబెట్టాడు. మళ్ళీ పిడి పట్టుకున్నాడు. లోపలి వైపు కాలువ గట్టు ఆనుకుని పారుతోంది. మళ్ళ మధ్య గట్లు ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి.

పన్నెండూ ఇరవైకి మూడు వందల ముప్పై. పోటు అనుకున్న టైముకన్నా ముందే వచ్చింది. మొదటి పెద్ద అల షట్టరు కింది సందులోంచి దూరి కాలువలో తెల్లగా విరిగింది. షట్టరును నీళ్ళు ఒక పక్కకు నొక్కేసరికి చక్రం బిగుసుకుపోయింది. ఇద్దరూ బరువంతా వేసినా కదల్లేదు.

కొక్కెం పైకెత్తి కట్టేసి లేచాను. మూడో పిడి పట్టుకున్నాను.

"కూర్చో!" అని సార్ అరిచాడు.

కూర్చోలేదు. చక్రం అరంగుళం కదిలింది. ఆగింది. రెండు అలల మధ్య నీరు వెనక్కి లాగినప్పుడు షట్టరు వదులవుతుందని బాబాయ్ కనిపెట్టాడు. ఆయన "ఇప్పుడు!" అన్నప్పుడల్లా ముగ్గురం వేలాడాం. ఒక్కో లాగుకు ఒకటిన్నర చుట్టు. అలలు లెక్కపెట్టలేదు. నా కళ్ళకు చక్రం తప్ప ఇంకేమీ కనిపించలేదు. చివరికి కాళ్ళ కింద దిమ్మంతా దడదడలాడి, షట్టరు అడుగు రాతి మీద కూర్చుంది. సందులోంచి వచ్చే హోరు ఒక్కసారిగా ఆగింది. ఒంటిగంట పదకొండు నిమిషాలు.

తర్వాత నేను కింద పడుకుని ఉన్నాను. ఎవరు మోసుకొచ్చారో తెలియదు.

171వ రోజు

గంజి, బాబాయ్ కొత్త గిన్నెలో కాచాడు. నా సామానంతా బూడిదతో తోమి, ఎండబెట్టి, మళ్ళీ తోముతున్నాడు. ఇంగువ డబ్బా సముద్రంలో పారేస్తానంటే వద్దన్నాను. డాక్టరమ్మకు చూపించాలి.

"నువ్వు నన్ను ఏమన్నా అను తల్లీ, ఊరుకోకు" అన్నాడు.

"గంజిలో ఉప్పు ఎక్కువైంది బాబాయ్" అన్నాను. ఆయన ఏడ్చాడు. నవ్వుతాడనుకున్నాను.

లోపలి నీళ్ళు సార్ మీటరు పెట్టి చూశాడు. కాలువను ఆనుకున్న అరవై ఎకరాల్లో ఉప్పు ఎక్కింది. అవి పోయినట్టే. మిగతా చోట్ల మంచినీళ్ళే నిలిచి ఉన్నాయి, మోకాలి లోతు. నిన్నటి నుంచి ప్రతి ఆటుకూ కొంత ఎత్తి వదులుతున్నాం. సాయంత్రానికి వరి కొసలు బయటపడ్డాయి. ఆకుపచ్చగానే ఉన్నాయి.

174వ రోజు

సార్ రిజిస్టరు రాసి, నన్ను పిలిచి చదివాడు. లస్కరు ఎం. నాంచారమ్మ నెల రోజులుగా జబ్బు దాచింది. చెబితే ఉద్యోగం పోతుందని దాచింది. సూపర్వైజరు ఆమె మాట నమ్మకుండా ఆమె పెట్టె సోదా చేశాడు. తుపాను రోజు ఆమె నిజం చెప్పడం వల్లే షట్టరు దించడం నాలుగు గంటలు ముందు మొదలైంది. ఆర్డరుకు విరుద్ధంగా దించమన్నది సూపర్వైజరు.

"మొదటి వాక్యం తీసేయండి సార్. నన్ను పంపించేస్తారు."

"అది తీసేస్తే మిగతావి ఎవరు నమ్ముతారు?" అన్నాడు. కట్టు కట్టిన చేతుల వైపు చూసుకుంటూ, "నీ పెట్టె తెరవడం తప్పు నాంచారమ్మా" అన్నాడు.

నేను ఫర్వాలేదు అనలేదు. ఫర్వా ఉంది. తల ఊపాను.

180వ రోజు

మూడు రోజులుగా పెసరపప్పు, పోపు లేకుండా. ఏమీ కాలేదు.

పొద్దున ఏడింటికి పద్నాలుగు షట్టర్ల హాజరు రేడియోలో పిలుస్తారు. ఇవాళ హాజరు అయ్యాక లైను వదలవద్దని ఆఫీసు చెప్పింది. డాక్టర్ మెహరున్నీసా గొంతు వినిపించింది. నా గురించే ఏదో చెబుతారనుకున్నాను. సార్ కుర్చీ నా వైపు తోశాడు, నేను కూర్చోలేదు.

"కట్ట మీద గోధుమ పడనివాళ్ళు ఎవరైనా ఉంటే వినండి" అంది. "పొడి ఇంగువలో గోధుమ పిండి కలుపుతారు. ఇది నేను అడగాల్సింది, అడగలేదు. ఏడో షట్టరు లస్కరు కనిపెట్టింది. నా దగ్గర పేరు రాసుకున్నవాళ్ళు ఈ కట్ట మీద ఒక్కరే. మిగతావాళ్ళు దాస్తున్నారేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. కాగితాలు లాక్కోవడానికి కాదు అడుగుతున్నది. ఆ రూలు మార్చమని నేను, ఏడో షట్టరు సూపర్వైజరు కలిసి అర్జీ పెట్టాం. మారుతుందో లేదో మాత్రం చెప్పలేను."

నేను సార్ వైపు చూశాను. ఆయన రిజిస్టరు పేజీ తిప్పుతున్నాడు, అందులో ఏమీ రాసి లేకపోయినా.

రేడియోలో గాలి హోరు. రూలు మారుతుందని తెలియకుండా ఎవరు నోరు విప్పుతారు? నేనైతే విప్పేదాన్ని కాదు.

"పన్నెండో షట్టరు" అని ఒక మగ గొంతు. "రెండేళ్ళ నుంచి."

తర్వాత మూడోది. తర్వాత తొమ్మిదో షట్టరు నుంచి సూపర్వైజరు, తన గురించే. పద్నాలుగు. మళ్ళీ మూడు, ఈసారి ఇంకో మనిషి. సార్ ఖాళీ పేజీలో గీతలు గీస్తున్నాడు. ఆరు గీతలయ్యాయి.

ఆరో గొంతు చిన్నది, ఆడపిల్లది. ఐదో షట్టరు, పేరు బేబీ సరోజ అట. నా కంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది.

"ఏడో షట్టరు అక్కా ఉన్నారా? రొట్టె మానేసి నెలైందండి. ఏం తిన్నా పడతల్లేదు. రేపు నేనేం తినాలో సెప్తారా?"

సార్ మైకు నా చేతికిచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాను. ఈ పుస్తకం మొదటి పేజీ తెరిచాను.

"ఉన్నాను" అన్నాను. "కాగితం, పెన్సిలు తెచ్చుకో. నిదానంగా చెబుతాను, రాసుకో."